నోనిపండును, తెరమీది సాక్షులును

అండమాను నికోబారు దీవుల తీరములందు, సముద్రపుటలలు వచ్చి తాకి వెనుకకు మరలు అంచున, ఉప్పుగాలికిని, పగడపు ముక్కలు కలిసిన సారహీనమైన ఇసుకకును వెరవక, ముదురాకుపచ్చని పెద్ద ఆకులతో పెరిగి నిలిచియుండు ఒక చిన్నచెట్టు కలదు. దానికి ఋతుభేదము లేదు. ఏడాది పొడుగున ఒకే చెట్టుమీద పూవును, పిందెయు, పండును కలిసి కనబడును. పూవులు చిన్నవి, తెల్లనివి; ఒక గుత్తిలోని పూవులన్నియు ఫలదశయందు ఒకదానితో నొకటి అతుకుకొని ఒకే కాయగా మారుటచేత, పూర్వము ఒక్కొక్క పూవు నిలిచిన తావున ఒక్కొక్క గుండ్రని గుర్తు మిగిలి, కాయ యంతయు కన్నులతో నిండినట్లుండును. పచ్చికాయ పసుపుబారి, పిదప మీగడరంగు దాల్చి, తుదకు మెత్తనై నేల రాలును. రాలినచోట వ్యాపించు వాసన ఒకసారి సోకినవాడు మరువజాలడు. ఆ వాసనకు ముఖ్యకారణము హెక్సనోయిక్, ఆక్టనోయిక్ అను రెండు కొవ్వు ఆమ్లములు. మేకపాలలోను ఇవి యుండును. వృక్షశాస్త్రజ్ఞులు ఈ చెట్టును మొరిండా సిట్రిఫోలియా అందురు. కాఫీ ఏ కుటుంబమునకు చెందినదో ఇదియు ఆ కుటుంబమునకే చెందినది. తెలుగునాట మెట్టచేలలో పెరుగు తొగరుచెట్టు దీనికి దాయాది. అంగడిలో దీని పేరు నోని.

దీని విత్తనములో చిన్న గాలిగది యొకటి కలదు. అందువలన అది మునుగక, అలలమీద తేలుచు, మొలకెత్తుశక్తిని కోల్పోకుండ చిరకాలము ప్రయాణము చేయగలదు. ఆసియా ఆగ్నేయతీరములనుండి పసిఫిక్ మహాసముద్రపు దీవుల వరకు ఈ చెట్టు వ్యాపించుటకు అలలు కొంత, పడవలలో మొక్కలను వెంటబెట్టుకొని పోయిన పాలినీషియనులు కొంత కారకులైరి. నికోబారీలు ఈ పండును అనాదిగా ఎరుగుదురు, తిందురు. పోర్ట్ బ్లెయిర్‌లో, అనగా 2024 నుండి శ్రీ విజయపురమని వ్యవహరింపబడుచున్న నగరములో, 1978లో నెలకొల్పబడిన కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధనసంస్థ ఈ చెట్టుపై చాలకాలముగా పరిశోధనలు సాగించినది. 2004 డిసెంబరు 26వ తేదీ సునామీ పిమ్మట ఉప్పునీరు నిలిచిన నేలలలో ఇతర పంటలు నశించినను నోని బ్రదుకగలదను సంగతి రైతునకు ఉపయోగపడునట్టిది. ఇంతవరకును చెట్టుకథ, ఇందులో ఎవరికిని అభ్యంతరము లేదు.

తీరమున రాలి, పురుగులకు ఆహారమగు ఆ పండే, రసముగా పిండబడి, సీసాలో చేరి, అందమైన కాగితము అంటింపబడి అంగడికి వచ్చునప్పటికి మధుమేహమునకు, కీళ్లనొప్పులకు, రక్తపుపోటునకు, తుదకు కాన్సరునకు సైతము మందని చెప్పబడుచున్నది. ఈ పరిణామమునకు మూలము దీవులలో లేదు. హవాయిలో అనాసపండుమీద పనిచేసిన రాల్ఫ్ హైనికీ అను రసాయనశాస్త్రజ్ఞుడు నోనిలో జెరోనిన్‌గా మారు పదార్థమొకటి కలదనియు, అది శరీరకణములన్నిటిని బాగుచేయుననియు 1985లో వ్రాసెను. నాటినుండి నేటివరకు ఏ స్వతంత్ర ప్రయోగశాలయు జెరోనిన్‌ను వేరుచేసి దాని నిర్మాణమును నిరూపింపలేదు. అయినను 1996లో అమెరికాలోని యూటాలో వెలసిన ఒక సంస్థ తహితీ దీవుల నోనిరసమును, ఇంటింటికి తిరుగు సభ్యులద్వారా అమ్మనారంభించెను. 1998లో, అరిజోనా, కాలిఫోర్నియా, న్యూజెర్సీ, టెక్సాస్ రాష్ట్రముల న్యాయాధికారులు ఆధారములేని రోగనివారణ వాగ్దానములను నిలుపుచేయునట్లు ఆ సంస్థను ఒప్పించిరి. ఐరోపా సమాజము 2003లో ఈ రసమును ఆహారపానీయముగా అమ్ముకొనుటకు అనుమతించుచు, తక్కిన పండ్లరసములకంటె దీనివలన ఆరోగ్యమునకు కలుగు ప్రత్యేకలాభము సమర్పింపబడిన ఆధారములలో కానరాలేదని కూడ చెప్పినది. పాలినీషియనుల ప్రాచీనవైద్యమను మాటకును పరిమితి కలదు: అచ్చట ఈ చెట్టు ఆకులను, పండును ఎక్కువగా పుండ్లమీదను, వాపులమీదను పైపూతగా వాడెడివారు, ప్రతిదినము ఉదయమున ఇంత రసమని కొలిచి త్రాగుట ఇటీవలి ఆచారము.

ప్రయోజనము సందేహాస్పదమైనను హాని లేదుకదాయని ఊరడిల్లువారు కలరు. ఈ మాటను కొంత నిదానించి విచారింపవలసియున్నది. 2000లో అమెరికా మూత్రపిండ వైద్యపత్రికలో ఒక రోగి వృత్తాంతము ప్రకటితమైనది. అతనికి మూత్రపిండములు బహుకాలముగా చెడియున్నవి. పొటాషియము తక్కువగా నుండు ఆహారమునే తినుచున్నానని వైద్యులకు చెప్పుచుండెను. అయినను రక్తములో పొటాషియము పెరుగుచునే యుండెను. విచారింపగా అతడు నోనిరసము త్రాగుచున్నట్లు తెలిసెను. వైద్యులు ఆ రసమును పరీక్షింపగా లీటరునకు 56 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియము, అనగా 2 గ్రాములకు పైబడి, ఉన్నట్లు తేలినది. ఇది నారింజరసములోనో టమాటారసములోనో ఉండు పరిమాణమే. ఆరోగ్యవంతుని మూత్రపిండములు దానిని అనాయాసముగా వెడలగొట్టును. చెడిన మూత్రపిండములు వెడలగొట్టలేవు. పొటాషియము రక్తములో నిలిచిపోయి, మితిమీరినచో గుండె లయను తప్పించి ఆపివేయగలదు. మధుమేహము ముదిరిన పిమ్మట మూత్రపిండములు చెడుట సర్వసాధారణమని మనకు తెలియును. మధుమేహమునకు మందని చెప్పి అమ్మబడు రసము, ఆ మధుమేహము చేతనే మూత్రపిండములు దెబ్బతిన్నవారికి ఎక్కువ అపాయకరమగుచున్నది. ఈ ఒక్క సంగతియే నన్ను ఈ అధ్యాయము వ్రాయుటకు ప్రేరేపించినది.

ఇట్టి రసమును గూర్చిన మాట దీవులలోని తెలుగు ఇండ్లకు ఎట్లు చేరునో చూతము. 2011 జనాభా లెక్కలనుబట్టి అండమాను నికోబారు ద్వీపసముదాయపు జనము 3,80,000. అందు నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి చేపలవేటకును, కూలిపనికిని, ఉద్యోగములకును వచ్చి స్థిరపడిన కుటుంబములవారు వీరిలో పెక్కురు. చెన్నపట్టణమునుండిగాని విశాఖనుండిగాని ఓడ వచ్చుటకు ఇంచుమించు మూడు దినములు పట్టును. బియ్యము, మందులు, బట్టలు అన్నియు అట్లే రావలెను. కాని తెరమీది తెలుగు మాటకు ఓడతో పని లేదు. 1995లో జెమిని, ఈటీవీ వెలసిన పిమ్మట క్రమక్రమముగా ఉపగ్రహములద్వారా స్వగ్రామపు యాస, పండుగలు, పాటలు, తారలు నడిసముద్రపు ఇంటిలోనికి నేరుగా వచ్చినవి. 2020 ఆగస్టు 10వ తేదీన చెన్నపట్టణమునుండి సముద్రగర్భమున వేసిన 2,300 కిలోమీటర్ల తంత్రి ప్రారంభమగుటతో చేతిలోని ఫోను కూడ వేగము పుంజుకొన్నది. దూరదేశమున నుండువానికి స్వభాష వినబడినంతనే కలుగు ఆత్మీయత సామాన్యమైనది కాదు. ఆ ఆత్మీయతయే సరుకు అమ్ముకొనువానికి పెట్టుబడి.

సరుకు అమ్ముటకై తెరమీద నడుచు తెలుగు కార్యక్రమము నొకదానిని శ్రద్ధగా పరికించినయెడల దాని కూర్పు బోధపడును. మధ్యాహ్నపు తీరికవేళ, అర్ధగంటసేపు. ధారావాహికలలో మనము ఎరిగిన నటీమణి యొకరు కూర్చుండి, ఇంటి ఆడపడుచువలె కుశలప్రశ్నలు వేయును. ఎదుట తెల్లకోటు తొడిగిన పెద్దమనిషి సమాధానములు చెప్పును. నడుమ నడుమ మంచము దిగలేనివారు మెట్లెక్కుచున్న దృశ్యములు, కన్నీటితో నమస్కరించు వృద్ధులు. తెర అడుగున ఎడతెగక కదలు ఫోను నంబరు. ఇప్పుడే పిలిచినవారికి రెండు సీసాలతో మూడవది ఉచితమను ప్రకటన. ఇది ప్రకటనయని తెలుపు అక్షరములు, ఉండినచో, ఆ నంబరుకంటె మిక్కిలి చిన్నవి. పైగా నటీమణి ఎక్కడను రోగము కుదురునని తన నోట చెప్పదు. ఆమె ఆశ్చర్యపడును, సంతోషించును, తలయూపును. నమ్మకము మాటలకంటె ఆ తలయూపులో నున్నది.

ఈ నమ్మకమును గూర్చి శాస్త్రజ్ఞులు చాలకాలముగా ఆలోచించుచున్నారు. డోనల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అను ఇద్దరు సామాజికశాస్త్రజ్ఞులు 1956లో, టెలివిజన్ ఇంకను బాల్యదశలో నుండగనే, ఒక వింతను గుర్తించిరి: తెరమీది వ్యక్తి కెమెరా వైపు చూచి మాటలాడునప్పుడు ప్రేక్షకునకు తనతోనే మాటలాడినట్లు తోచును, దినదినము చూచుచుండగా స్నేహభావము స్థిరపడును, కాని ఆ స్నేహము ఒకవైపే సాగును, అవతలివారు వీనిని ఎరుగరు. 1968లో రాబర్ట్ జయాంక్ పదేపదే కంటబడిన వస్తువు, కారణాంతరము లేకుండనే, ఇష్టమైనదిగా మారునని ప్రయోగములచేత చూపెను. 1977లో మరి ముగ్గురు పరిశోధకులు, వారముల వ్యవధిలో మరల మరల వినిపించిన వాక్యము, అది నిజమైనను కాకున్నను, వినువానికి మునుపటికంటె నిజముగా తోచునని నిరూపించిరి. ఇవి మూర్ఖులకు మాత్రమే కలుగు దౌర్బల్యములు కావు. ఎవరి ముఖము చిరకాలము ఎరుగుదుమో వారి మాట నమ్ముట, పదిమంది గౌరవించువానిని అనుసరించుట, మానవజాతి చిన్న చిన్న గుంపులుగా బ్రదికిన లక్షల ఏండ్లలో ప్రాణరక్షకములైన గుణములు. ఏ పండు తినదగునో, ఏది విషమో పరీక్షించి చూచుటకంటె పెద్దలను చూచి నేర్చుకొనుట క్షేమము. ఆ గుంపులోని పెద్ద తప్పు చెప్పినయెడల మరునాడు వానిని నిలదీయవచ్చును. తెరమీది పరిచయమునందు పాతగుణము అట్లే పనిచేయుచున్నది గాని, నిలదీయు అవకాశము మాత్రము లేకపోయినది. అందుచేత కొనినవారిని పరిహసించుటకు నేను సమ్మతింపను.

నటులు వైద్యులు కారుకదా, వైద్యుడే తెరమీద చెప్పినచో నమ్మరాదాయని ప్రశ్నింపవచ్చును. అమెరికాలో మెహ్మెత్ ఓజ్ అను వైద్యుడు నిజముగా పేరుపొందిన గుండె శస్త్రచికిత్సకుడు. 2009 నుండి 2022 వరకు ఆయన పేరిట నడచిన టెలివిజన్ కార్యక్రమమును కోట్లాదిమంది చూచిరి. ఆయన ఏ వస్తువును పొగడినను మరునాటికి అంగళ్లలో అది నిండుకొనెడిది. 2012లో ఆయన వేయింపని పచ్చికాఫీగింజల సారమును కొవ్వు కరగించు అద్భుతముగా వర్ణించెను. దానికి ఆధారము మన దేశముననే జరిగిన ఒక పరిశోధన: 16 మంది, 22 వారములు, ఒక్కొక్కరు సగటున 8 కిలోల బరువు తగ్గిరని. అమెరికా ప్రభుత్వపు వ్యాపారసంఘము విచారింపగా పరిశోధనను నడపినవారు బరువుల అంకెలను పలుమార్లు మార్చిరనియు, ఎవరు మందు తినిరో ఎవరు ఉత్తబిళ్ల తినిరో కూడ తారుమారు చేసిరనియు బయటపడినది. ఆ సారమును తయారుచేసిన సంస్థ 2014లో 35 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నది. వ్యాసమును దాని రచయితలే ఉపసంహరించుకొనిరి. ఆ సంవత్సరము జూనులో అమెరికా శాసనసభాసంఘము ఎదుట ఆ వైద్యుని సంజాయిషీ అడిగిరి. ఆ ఏటి చివర బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన సమీక్షలో, ఆయన కార్యక్రమమునందలి 80 సలహాలను పరిశీలింపగా, నూటికి 46 పాళ్లకే శాస్త్రాధారము కనబడినదనియు, 15 పాళ్లు ఆధారమునకు విరుద్ధములనియు, 39 పాళ్లకు ఆధారమే దొరకలేదనియు తేలినది. చదువు గొప్పది, పదవి గొప్పది, చెప్పిన సలహాలలో సగము నిలువలేదు. వైద్యుడు శస్త్రచికిత్సాగారమున చేయునది ఒక పని, తెరమీద చేయునది వేరొక పని.

మన తెలుగునాట ఇట్టి నమ్మకపు వెల్లువలు కొన్ని వేరురీతిని వచ్చినవి. వైద్యులు కాని వీరమాచనేని రామకృష్ణగారు కొన్ని సంవత్సరముల క్రిందట ప్రచారము చేసిన ఆహారనియమమువలన కొబ్బరినూనెను దినమునకు 70 గ్రాములనుండి 100 గ్రాముల వరకు త్రాగువారు ఇంటింట బయలుదేరిరి. గానుగనూనెకై జనము దుకాణముల చుట్టును తిరిగిరి. ఆ తరువాత చిరుధాన్యముల ప్రచారకులైన ఖాదర్ వలీగారి ఉపన్యాసములచేత కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రలు మరల వంటయింటికి వచ్చినవి. చిరుధాన్యములు మంచి ఆహారములు. మెట్టరైతునకు అవి తిరిగి గిరాకీ తెచ్చినందులకు నేను సంతోషించుచున్నాను. కాని మంచి ఆహారమనుట ఒకటి, రోగమును మాన్పుననుట మరియొకటి. మొదటిదానికి అనుభవము చాలును, రెండవదానికి పరీక్ష కావలెను. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నమునకు కరోనామందుకై వేలకొలది జనము పరుగెత్తిరి. మందు ఉచితము, వ్యాపారమను నింద దానికి చెల్లదు. కంటిలో మందుచుక్కలు పడినంతనే ఊపిరి ఆడినదని చెప్పిన ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుని దృశ్యము తెరలన్నిటిమీదను మెరసినది. ఆయన ఆ నెలాఖరుననే నెల్లూరు ఆసుపత్రిలో మరణించెను. ఆయన అబద్ధము చెప్పెనని నేననను. ఆ క్షణమున ఆయనకు తోచినదే చెప్పియుండును.

ఈ విషయమునకు మర్మస్థానము ఇచ్చటనే యున్నది. నాకు తగ్గినదని చెప్పువాడు సాధారణముగా సత్యమే చెప్పుచుండును. కీళ్లనొప్పి ఒక నెల హెచ్చును, ఒక నెల తగ్గును. మధుమేహపు అంకెలు నేడొకటి, రేపొకటి. మనుష్యుడు బాధ మిక్కుటమైనప్పుడే కొత్తమందు కొనును. మిక్కుటమైన బాధ తరువాతిదినములలో తనంతతానే కొంత దిగుట స్వభావసిద్ధము. మితిమీరిన కొలత మరల సగటువైపు మరలుటను ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో గణితరీత్యా వివరించెను. దానికి తోడు, సీసా కొనిన ఇంటిలో తీపి తగ్గింతురు, నడక మొదలుపెట్టుదురు, పాతబిళ్లలు కూడ మానరు. తగ్గనివారు టెలివిజన్‌కు పోరు. పోయినను వారిని చూపరు. సాక్షులు వేయిమంది యున్నను అడుగవలసిన ప్రశ్న ఒకటి మిగిలియే యుండును: ఈ రసము త్రాగకపోయినచో వీరికి ఏమి జరిగియుండును?

దానికి సమాధానము చెప్పు మార్గమును నడిసముద్రముననే, పండ్లరసముతోనే కనుగొనిరి. 1747 మే 20వ తేదీన సాలిస్‌బరీ అను ఆంగ్లనౌకమీద జేమ్స్ లిండ్ అను వైద్యుడు, చిగుళ్లు కుళ్లి, మోకాళ్లలో సత్తువ సడలి, స్కర్వీ వ్యాధితో పడియున్న నావికులలో 12 మందిని ఏరి, ఒకే చోట పరుండబెట్టి, ఒకే ఆహారమిచ్చి, ఇద్దరిద్దరికి ఒక్కొక్క మందు చొప్పున ఇచ్చెను. ఒక జతకు ఆపిల్ మద్యము, ఒక జతకు గంధకామ్లపు చుక్కలు, ఒక జతకు వినిగరు, ఒక జతకు సముద్రపునీరు, ఒక జతకు వెల్లుల్లి, ఆవాలు మొదలగువానితో చేసిన లేహ్యము, ఒక జతకు దినమునకు రెండు నారింజలు, ఒక నిమ్మపండు. ఆరుదినములకు పండ్లు అయిపోయినవి. అప్పటికే ఆ జతలో ఒకడు పనికి లేచెను. రెండవవాడు తక్కిన రోగులకు పరిచర్య చేయునంతటివాడాయెను. ఆపిల్ మద్యము త్రాగిన జతకు కొంత మేలు కనబడెను. మిగిలినవారి స్థితి చెప్పుకొనదగినంతగా మారలేదు. లిండ్ ఎవ్వరి ముఖమును చూపలేదు, ఎవ్వరిచేతను కృతజ్ఞత చెప్పింపలేదు. పండు తిననివారిని పక్కనే నిలిపి చూపెను, అంతే. అయినను ఆంగ్ల నౌకాదళము నిమ్మరసమును నావికులందరికి ఇచ్చుటకు 1795 వరకు జాగుచేసినది. పరీక్ష నిలిచినది గనుకనే నేటికి 270 ఏండ్లు దాటినను ఆ నిమ్మపండును గూర్చి ఎవరును వాదింపరు. కాన్సరునకుగాని మధుమేహమునకుగాని నోని మందని చెప్పుటకు చాలినట్టి పరీక్ష ఇంతవరకు లేదు. అట్టిది జరిగి నిలిచిన దినమున దానిని మొదట హర్షించువారిలో నేనొకడనై యుందును, ఏలయన దీవుల రైతునకు అంతకంటె మేలు వేరొండు లేదు.

మన చట్టము ఈ వ్యవహారమును చాలముందుగనే కనిపెట్టినది. మధుమేహము, కాన్సరు మొదలైన వ్యాధులను మాన్పుదుమని ప్రకటించుట నేరమని తెలుపు శాసనము 1954 నాటిది. అప్పటికి మన దేశమున టెలివిజన్ లేదు, అది ఢిల్లీలో 1959లో ప్రారంభమైనది. ఆనాటి శాసనకర్తలు గోడపత్రికలను, వారపత్రికలలోని ప్రకటనలను చూచియే అంత జాగ్రత్త వహించిరి. 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము మరియొక అడుగు వేసి, మోసపుచ్చు ప్రకటనకు తన ముఖము నిచ్చినవారిని సైతము బాధ్యులను చేసినది: మొదటి తప్పునకు 10 లక్షల వరకు, మరల చేసినచో 50 లక్షల వరకు జరిమానా, ఏ వస్తువునకును ప్రచారము చేయకుండ ఒక సంవత్సరము, పిదప మూడు సంవత్సరముల వరకు నిషేధము. టెలివిజన్ యోగాభ్యాసముచేత ఇంటింటికి పరిచితులైన బాబా రాందేవ్‌గారి పతంజలి సంస్థ ప్రకటనల వ్యవహారమున, 2024 మే 7వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ప్రచారము చేయు ప్రముఖులును తయారీదారులతో సమానముగా బాధ్యులేయని స్పష్టముగా పలికినది. చట్టము గట్టిదే, అమలు సడలియున్నది. ఫిర్యాదు చేయువారు లేనిచో ఏ అధికారియు మధ్యాహ్నపు ప్రకటనలను వెదకి చూడడు. జాతీయ వినియోగదారుల సహాయకేంద్రపు నంబరు 1915. అది దీవులనుండియు పలుకును.

పాఠకుని నేను కోరునది స్వల్పము. ఇంటిలో అట్టి సీసా యున్నచో ముందువైపు బొమ్మను విడిచి వెనుకవైపు త్రిప్పి చూడుడు. ఆరోగ్యపోషకముల పేర అమ్మబడు సరుకులపై, ఔషధముగా వాడుటకు ఉద్దేశింపబడినది కాదని అచ్చువేయవలెనని మన ఆహారభద్రతా నిబంధనలు విధించుచున్నవి. తెరమీద అర్ధగంటసేపు చెప్పిన మాటకు ఆ చిన్న అక్షరములలో అమ్మువాడే ఇచ్చిన సమాధానము కనబడును. ఇంటిలో మధుమేహముగాని మూత్రపిండవ్యాధిగాని కలవారు నోనిరసము త్రాగుచున్నయెడల, శ్రీ విజయపురములోని గోవింద వల్లభ్ పంత్ ఆసుపత్రికైనను, సమీపమునందలి ఏ వైద్యశాలకైనను పోవునప్పుడు మందుల చీటితోపాటు ఆ సీసాను కూడ తీసుకొనిపోయి వైద్యునకు చూపుడు. రక్తములో పొటాషియము ఎంత యున్నదో పరీక్ష చేయింపుడు.